నాలుగు వందల పన్నెండు తరువాత

టాలిన్‌లో నవంబరంటే
మూడున్నరకే దీపాలు వేసుకోవడం,
వానో మంచో తేల్చుకోలేక
రెండూ కలిసి కోటు మీద పడటం.

చిత్రోత్సవం పదకొండో రోజు.
మెడలో కార్డు, ఒళ్లో లాప్‌టాప్,
వెనక గోడకు ఆనించిన ఇనుప కుర్చీ.
తెర మీద మనుషులు నోరు తెరిచినప్పుడల్లా
నేనో మీట నొక్కుతాను,
అడుగున ఒక వాక్యం వెలుగుతుంది.
అదీ నా ఉద్యోగం.

ఈ పదకొండు రోజుల్లో
ఒక కొరియా వంటింట్లో విడాకులిప్పించాను,
చిలీ గనిలో ముగ్గుర్ని పైకి లాగాను,
జార్జియా పెళ్లికొడుక్కి అబద్ధం
సరిగ్గా పెదవి కదిలే వేళకి అందించాను.
వాటిలో ఒక్క భాషా నాకు రాదు.
ఊపిరి వింటాను, అంతే.
మాట్లాడబోయే మనిషి
గొంతులో చిన్న మెట్టు ఎక్కుతాడు,
ఆ చప్పుడు చాలు.

ఆ సాయంత్రం వెప్స్ సినిమా.
ఒనేగా సరస్సు పక్క అడవుల్లో
కొద్దిమంది నోళ్లలో మిగిలిన భాష.
దర్శకుడు రోదియోన్, ఇదే మొదటి సినిమా,
అరువు కోటు, మణికట్టు దాకా రాని చేతులు.
రష్యన్‌లో చెప్పాడు నాతో
(నా తరానికది వద్దన్నా వచ్చు):
"మా నాయనమ్మ భాష. నాకు రాదు.
అందుకే తీశాను."

మొత్తం నాలుగు వందల ముప్పై వాక్యాలు.
నాలుగు వందల పన్నెండు దాకా తప్పు పోలేదు.
పడవ, పొగ, చేపలు తోమే చేతులు...
అప్పుడొక ముసలామె పెరట్లోకొచ్చి
సూటిగా మా అందరి కళ్లల్లోకీ చూసి
గబగబా ఏదో అంది.

జాబితా చూశాను. లేదు.
వేలు మీట మీదే ఆగిపోయింది.
ఇరవై ఏళ్లలో మొదటిసారి
ఒక మనిషి నోటి కింద ఖాళీ వదిలాను.
హాలంతా ఊపిరి బిగబట్టింది
మంత్రమేదో విన్నట్టు.
ఏడో వరసలో మాత్రం ఎవరో
పకపకా నవ్వారు.

దీపాలు. చప్పట్లు. చేతులు మారే మైకు.
కళ్లద్దాల కుర్రాడొకడు లేచి
"ఆ అనువాదం లేని చోటు, కావాలనే కదా?"
రోదియోన్ గుటక మింగాడు.
"ఆ గొంతు బాగుందని ఉంచేశాను.
ప్రార్థననుకుంటా. పెద్దల్ని తలుచుకుంటూ."
కొందరు తలలూపారు.
ఒకావిడ రాసుకుంది కూడా.

ఏడో వరసలోంచి ఊదారంగు ఉన్ని టోపీ లేచింది,
చేతిలో కూరల సంచి.
గ్లాఫీరా అట, ఇక్కడి బట్టల మిల్లులో
నలభై ఏళ్లు నిలబడి పనిచేసిందట.
మైకు వద్దంది.
"ప్రార్థనా! ఏం ప్రార్థన నాయనా?
'నీ కాళ్లు నా ఉల్లినారు మీదున్నాయి,
జరుగు వెధవా' అంటోంది ఆ కెమెరావాణ్ణి."

హాలు గొల్లున నవ్వింది.
రోదియోన్ చెవులు ఎర్రబడి, ఆనక అతనూ నవ్వాడు.
రాసుకున్నావిడ కొట్టేసింది.

నవ్వులు అణిగినా ఆమె కూర్చోలేదు.
"మా అక్క పోయాక
ఈ భాషలో నన్నెవరూ తిట్టలేదు.
పదిహేడేళ్లు."
ఇంకేమీ అనకుండా
సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయింది.

రేపు మధ్యాహ్నం రెండో ఆట.
ఖాళీ హాల్లో జాబితా తెరిచాం ఇద్దరం.
నాలుగు వందల పన్నెండుకీ పదమూడుకీ నడుమ
కర్సర్ కన్ను కొడుతోంది.
"వెధవా అన్నదా, ఇంకా ఘాటుగానా?"
నాకేం తెలుసు?
కోటు వదిలేసి పరుగెత్తాడు ట్రామ్ స్టాపుకి.

అద్దంలోంచి చూస్తున్నాను.
ఆమె ఏదో అంటోంది, అతను పలుకుతున్నాడు,
తప్పు కాబోలు, సంచితో ఒకటి వేసింది.
మళ్లీ అంది. మళ్లీ పలికాడు.
అతని జుట్టు మీద మంచు పడుతోంది.
రెండు ట్రాములు వచ్చి పోయాయి.

ఊపిరైనా వినబడనంత దూరం.
వేలు మాత్రం అలవాటుగా
మీట మీదే ఉంది.