ముప్పై సెకన్లు

పెరుంగుడి, మూడో అంతస్తు, రాత్రి పదకొండు.
పది లైన్ల ప్రోగ్రాం.
కంపైల్ కొట్టగానే
బయటెవరినో పిలుస్తోంది కంపైలర్.

దీని నోట్లో నువ్వుగింజ నానదా?

కేబుల్ పీకితే చిటికెలో కానిచ్చింది.
మళ్ళీ గుచ్చితే
ముప్పై సెకన్లు గుమ్మంలోనే నిలబడింది.

పాకెట్లు పట్టి చూశాను.
వైరసు కాదు.
ఒకటే అడ్రసు, చివర నలభై ఏడు.
సెట్టింగుల ఫైల్లో, అట్టడుగున
కూర్మారావు రాసిపెట్టిన లైను:
బరువైతే నా మిషనుకి పంపు.

అతను మానేసి రెండేళ్ళు.
ఆ మిషను పాతసామాన్ల బండెక్కిన రోజు
సంతకం పెట్టింది నేనే.

లైను ముందు ఒక్క గుర్తు పెడితే చాలు,
ఇక పిలవదు.

తలుపు దగ్గర వాచ్‌మన్ ఎళిల్
తాళాలు ఆడిస్తూ, "ముడింజుదా సార్?"

ఇంకో ముప్పై సెకన్లు, అన్నాను.