పెన్సిల్ మందం

ఒప్పందం కుదిరిన గదిలో ఎవరో
బోస్నియా మ్యాపు మీద లావు పెన్సిల్‌తో గీత గీశారు.
కాగితం మీద మిల్లీమీటరు.
నేల మీద యాభై మీటర్లు.
ఆ యాభై మీటర్లలో మెవ్లిదా ఇల్లుంది.

ట్రైపాడ్ భుజాన వేసుకుని నేనూ స్లావొల్యుబూ
మందుపాతరలు ఏరేసిన కాలిబాటన వెళ్ళాం,
తెల్ల టేపు దాటకుండా, ఒకరి అడుగులో ఒకరం.
అతని తమ్ముడూ మా మేనమామా
ఒకే కొండకి చెరోవైపు పడిపోయారు.
ఆ దూరం మేం కొలవలేదు.

ఆమె కాఫీ కాచింది. తాగనిచ్చింది.
అప్పుడడిగింది: "నా పొయ్యి ఏ పక్క?"

గీతకి ఈ అంచు పట్టుకుంటే పొయ్యి ఫెడరేషన్‌లో.
ఆ అంచు పట్టుకుంటే రిపబ్లిక్‌లో.
నట్టనడుమ పట్టుకుంటే
పొయ్యి ఇటు, పొగగొట్టం అటు.

"మరి పొగ మీద పన్ను ఎవరికి కట్టను?"
స్లావొల్యుబ్ నవ్వేశాడు. నవ్వినందుకు సిగ్గుపడి
కప్పు అడుగున మడ్డిని చూస్తూ కూర్చున్నాడు.

ఇంత చిన్న దేశానికి ఇన్ని ప్రభుత్వాలా,
ఇంతమంది విద్యామంత్రులా అంటారు, నిజమే.
నవ్వుకోండి.
గీత పడ్డాక ఈ లోయలో తూటాకి ఎవరూ పోలేదు.
గట్టు తగాదాలున్నాయి, కోర్టుకెక్కుతారు,
ఏ కోర్టో తేలేసరికే ఆరేళ్ళు.
విసిగి విసిగి ముసలివాళ్ళయ్యారు.
మా వాళ్ళకి ముసలితనం
అంత తేలిగ్గా దొరికే వస్తువు కాదు.

ఇక మెవ్లిదా మనవడు ఎమిర్.
తల్లి ఒక జాతి, తండ్రి ఒకటి.
ఫారంలో మూడు గళ్ళు, మూడు పేర్లు.
నాలుగో గడిలో "ఇతరులు".
ఆ గడిలో టిక్కు పెట్టినవాడు
దేశానికి అధ్యక్షుడు కాలేడట.
"కావాలని ఎవడికుంది?" అంటాడు గాని
పెన్ను మాత్రం అక్కడే ఆగుతుంది.

అన్నదమ్ములు కొట్టుకు చావకుండా
పొయ్యిలు వేరుచేశారు పెద్దలు. మంచిదే.
రెండిళ్ళలోనూ తినే పిల్లాడి కంచం
ఎక్కడ పెట్టాలో మరిచారు.

నిరుడు వెళ్ళాను, ఒక్కణ్ణే. స్లావొల్యుబ్ లేడు.
మేం పాతిన గుంజకి ఆమె బట్టలారేసే తాడు కట్టుకుంది,
రెండో కొస ప్లమ్ చెట్టుకి.
ఒక దుప్పటి, ఎమిర్ ఫ్యాక్టరీ చొక్కా, ఇంకా తడిగా,
కాసేపు ఇటు, గాలొస్తే అటు.

గుంజ తల పుచ్చిపోయింది.
పాత అలవాటు కొద్దీ ఊపి చూశాను.
కదల్లేదు.