చూద్దాంలే

మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి ఏ దేశం నుంచి ఎవరొచ్చినా
ముందురోజు కుప్పయ్య మాకు పాఠం చెప్తాడు.
జపానోడైతే వంగినకొద్దీ వంగు, నడుం పోయినా సరే.
అరబ్బువోడైతే ముందు బిడ్డల్ని అడుగు, ధర తర్వాత.
రష్యావోడు నవ్వడు, కోపం అనుకోవద్దు,
మూతి తయారైందే అట్ల.
"ఈసారి హాలెండు ఆడమనిషి. జాగ్రత్తమ్మా,
వాళ్ళు కరుకు. మొహమ్మీదనే అనేస్తారు."
ఆయనకి ఇవన్నీ ఎవరు చెప్పినారో తెలీదు.
పాస్‌పోర్టు లేదు. వేలూరు దాటి ఎరగడు.

మరైకె వచ్చింది. వాకిలికి తల వంచాల్సినంత పొడుగు.
ల్యాబులో నేను తీసిచ్చిన గుజ్జు
నాలిక మీద పెట్టుకొని
"ఇది బాగలేదు" అనింది.
ముందొక మాటా లేదు, వెనకొక మాటా లేదు.
మా మేనేజరు ముఖం
పాలు విరిగిన గిన్నె.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.
బాగలేకపోతే బాగలేదనా చెప్పేది?
మా మేనత్త అయితే పెండ్లిలో ఉప్పెక్కువైన సాంబారు తిని
"నీళ్ళు భలే చల్లగా ఉండాయి" అంటుంది.

గేటు బయట పలమనేరు రోడ్డు పొడుగునా
తోతాపురి ట్రాక్టర్లు, మైలున్నర.
ఐరాల గంగులప్పది నలభయ్యో బండి.
మూడు రోజులైంది. అడుగు కాయలు చెమటపట్టి
బండి కింద తారు జిగురుగా మెరుస్తా ఉంది.
"ఈపొద్దు దించుకుంటారా సామీ?"
కుప్పయ్య తల ఊపినాడు,
నిలువుకీ కాదు, అడ్డానికీ కాదు,
పందిట్లో సొరకాయ గాలికి ఊగినట్టు.
"చూద్దాంలేప్పా."

ఏమన్నాడు? అని ఆమె నన్నడిగింది.
చూస్తామన్నాడు.
ఏం చూస్తారు?
ఏమీ చూడరు.
అంటే లేదనా?
లేదనే.
మరి లేదని ఎందుకనలేదు?

ఇంగ్లీషులో నా దగ్గర జవాబు లేదు.
తెలుగులో ఉంది గానీ అది చాలా పొడుగు,
మా తాత వడ్డీ డబ్బుకి
సేట్టు అరుగు మీద కూచున్న కాడ మొదలౌతుంది.
లేదంటే ఆ మాటతో మనిషి తెగిపోతాడు.
రేపు సంతలో ఎదురుపడాల.
ఎల్లుండి వాళ్ళింట్లో చావుకి పోవాల.

ఆమె అప్పటికే గేటు కాడికి నడిచింది.
"చెప్పు. ఈరోజు లేదు. రేపూ లేదు.
ఎల్లుండి మొదటి ఇరవై బండ్లు. అంతే."
ఆ మాట నా గొంతులో
చేపముల్లు మాదిరి అడ్డం తిరిగింది.
చెప్పినా.

గంగులప్ప తువ్వాలు దులిపినాడు.
నా కండ్లలోకి చూడలేదు.
"ఈ ముక్క మొన్ననే చెప్పుంటే
దామలచెరువు మండీకి తోలుకుపోయుందును గదమ్మా."
తిట్టూ కాదు, మెప్పూ కాదు.
బండి తిప్పుకొని పోయినాడు,
రోడ్డంతా పులిసిన తీపి వాసన.

వెనక బండి ముసలాయన మాత్రం
కిందికి దిగి, ఉమ్మేసి
"పెద్దింటి మనిషే, మర్యాద నేర్పలేదు పాపం" అని
అక్కడే ఉండిపోయినాడు,
కుప్పయ్య చూద్దాంలే మీద తల పెట్టుకొని
ఇంకో రెండు రాత్రులు.
ఆయన కాయలు దించుకున్నారు కూడా.
ఎట్లనో నాకు తెలీదు.
"చూసినావా" అన్నాడు కుప్పయ్య,
"నేను లేదనలా."
మరైకెకి ఈ సంగతి నేను చెప్పలా.
చెప్పడానికి మాట దొరకలా.

ఆమె పోయేరోజు
కారు తలుపు పట్టుకొని అడిగినా,
వచ్చే సీజనుకి వస్తారా?
కుప్పయ్య పాఠం ప్రకారం
జవాబు సూటిగా వచ్చి తగులుతుందని
చెంప సిద్ధం చేసుకొని నిలబడినా.

ఆమె తల ఊపింది,
నిలువుకీ కాదు, అడ్డానికీ కాదు,
కొత్తగా నేర్చిన మనిషి గదా, కొంచెం ఎక్కువగానే.
"చూద్దాంలే" అనింది.

ఆ మాటకి మా చిత్తూరులో అర్థం ఏందో
నాకు తెలుసు.
ఆమె నోట్లో ఏమౌతుందో
కుప్పయ్యకి కూడా తెలీదు.