పదకొండు మంది సూర్యుళ్ళు

జూన్ నెలలో లీమాకి సూర్యుడుండడు.
కొండ మీది రేకుల ఇళ్ళ నెత్తిన
పిండని గుడ్డలా వేలాడుతుంది మంచు.
అయినా ఇక్కడ నాణెం పేరు సోల్.
సోల్ అంటే వాళ్ళ మాటలో సూర్యుడు,
నా చెవికి మాత్రం బియ్యం కొలిచే సోల.
ఏదైతేనేం,
నెలీదా ఏప్రన్ జేబులో ఇవాళ పదకొండు మంది ఉన్నారు,
శనివారం దాకా.

ఆరోగ్యకేంద్రంలో చెప్పిన అంకె కూడా పదకొండే.
లూస్‌మీలా వేలు గుచ్చి, బొట్టు తీసి
చిన్న పెట్టెలోకి చూసింది నర్సు.
"తొమ్మిదీ పాయింట్ ఎనిమిది.
పదకొండు రావాలమ్మా, పిల్లకి నెత్తురు చాల్లేదు."
నాలుగేళ్ళ పిల్ల
ఎక్కడ పారేసుకున్నానా అని
చెప్పుల కింద వెతుక్కుంది.

సంతలో గుడ్లు కిలోల లెక్కన తూస్తారు.
చిన్నవి ఏరితే ఒకటి ఎక్కువొస్తుంది.
అంగడామెకి తెలుసు, చూసీ చూడనట్టు ఉంటుంది.
కినోవా బస్తా దగ్గర నెలీదా ఆగదు.
అయకుచో కొండల్లో చిన్నప్పుడు
అదే తిని తిని మొహం మొత్తి ఏడ్చింది.
ఇప్పుడది ఓడలెక్కి పోతోంది.
మిగిలింది, ఎదురుపడ్డా
పలకరించని చుట్టంలా ఉంది.

విల్మెర్‌కి తొమ్మిదేళ్ళు.
పొట్లాల మీద నల్లటి ఎనిమిది పలకల ముద్రలు
చదవడం బడిలో కొత్తగా నేర్పారు.
"చక్కెర ఎక్కువ, ఒకటి! కొవ్వు ఎక్కువ, రెండు!
రెండు ముద్రల బిస్కెట్టమ్మా, అరవై సెంతిమోలే!"
హెచ్చరికలని వాళ్ళ టీచరు చెప్పింది.
వాడి కళ్ళకి పతకాలు.

అరవై సెంతిమోలు.
అక్కడే వచ్చింది చిక్కు.
పప్పు నానడానికి నీళ్ళు కావాలి,
నీళ్ళు ట్యాంకరువాడి దయ.
ఉడకడానికి గ్యాసు,
పక్కన నిలబడడానికి
కుట్టుమిషను మీంచి లేచిపోయిన గంట.
ఆ గంట ఖరీదు ఏ పొట్లం మీదా ఉండదు.
బిస్కెట్టుకి చించడమే పని.

కోళ్ళ కొట్టు ఒర్తెన్సియా పిలిచింది.
"నెత్తురు పట్టుకెళ్ళు. డబ్బా నిండా రెండు సోళ్ళు.
రొమ్ము మాంసం కొనేవాళ్ళు దీన్ని చూసి
ముక్కు మూసుకుంటారులే."
గడ్డకట్టి, ముదురు వంకాయ రంగులో
వణుకుతోంది డబ్బాలో.
నెలీదా ఇద్దరు సూర్యుళ్ళని ఇచ్చేసింది.

ఉల్లిపాయలు దోరగా వేయించి,
ఉడికిన నెత్తురు చిదిమి, పొడిపొడిగా వేపి
పుదీనా తుంచి వేసింది.
"ఏంటిది? నల్లగా ఉంది," మూతి ముడిచాడు విల్మెర్.
"ముద్ర లేని నలుపు. తిను."
పైన నిమ్మకాయ పిండాలి, అన్నంతో టీ తాగకూడదు,
అలా తాగితే తిన్న ఇనుము ఒంటబట్టదంది నర్సు.
మోటోటాక్సీ దింపి వచ్చిన ఎలెవుతేరియో
గోడవైపు తిరిగి
దొంగలా టీ తాగాడు.

రెండు రోజులు లూస్‌మీలా ఉమ్మేసింది.
మూడోరోజు చేప తలకాయల చారులో కలిపితే
తెలుసుకుని మరీ ఉమ్మేసింది.
నెలీదా ఏడవలేదు, ఆ ప్లేటు తనే తినేసింది.
పారేయడానికి చేయి రాలేదు మరి.
నాలుగోరోజు విల్మెర్
"ఇది తింటే నీ నెత్తురు దొరుకుతుందే" అన్నాడు.
పిల్ల కాసేపు ఆలోచించి నోరు తెరిచింది.

సెప్టెంబరులో మళ్ళీ వేలు గుచ్చారు.
"పదీ పాయింట్ ఏడు!" నర్సు నవ్వింది.
నెలీదాకి బేరమాడబుద్ధయింది:
ముప్పై సెంతిమోలేగా తల్లీ తక్కువ,
వదిలేయరాదూ!

తిరుగు బస్సు డబ్బులతో
రెండు ముద్రల పొట్లం ఒకటి కొంది.
నాలుగు వందల మెట్లు, పసుపు రంగు పెచ్చులూడిన మెట్లు,
ముగ్గురూ నడిచే ఎక్కారు.
సగంలో కూర్చున్నారు ఆయాసంతో.
విల్మెర్ రెండు బొటనవేళ్ళతో
రెండు ముద్రల్నీ మూసి పట్టుకున్నాడు,
చెల్లెలు చూడకుండా.
దానికి చదవడం రాదు.
అయినా మూసే పట్టుకున్నాడు,
అమ్మ చించేదాకా.