ఉత్త ఇసుర్రాయి

దేవరకద్ర దాటినంక రోడ్డు పక్కన
మూడెకరాల్ల కట్టిన ఊరు.
గోడలకు ఎర్రమన్ను పూత, మన్ను కింద సిమెంటు.
టికెట్టు ముప్పై, పిల్లలకు పదిహేను.
డిగ్రీ రెండో ఏడు ఎండకాలం సెలవులల్ల
నలభై రోజుల ఇంటర్న్‌షిప్‌కు పోయిన నేను
ఈ ఊర్లె ఒక కోడలిని.
పొద్దుగాల పదికి ముతక చీర కట్టుకోవాలె,
చేతిగడియారం తీసి డ్రాయర్ల పెట్టాలె,
ఎవరన్న అడిగితే
ఇది పందొమ్మిది వందల యాభై అని చెప్పాలె.

మిగిలిన పొద్దంత చీటీలు రాసుడు.
గొర్రుకు, గుమ్మికి, మానికెకు, సోలకు.
'కుందెన' దగ్గర ఆగి అమ్మకు ఫోన్ చేస్తే
అమ్మ నవ్వి, పక్కింటామెను అడిగి చెప్పింది.

కుర్మమ్మ ఈ ఊర్లె నాకు అత్త.
పది నుంచి ఒంటిగంట, మల్ల మూడు నుంచి అయిదు
ఇసుర్రాయి ముంగట కూసుంటది.
రోజుకు నాలుగు వందలు.
బడిపిల్లలొస్తే ఒకసారి, ఫోటోల వాళ్లొస్తే ఇంకోసారి
కట్టెపిడి పట్టి తిప్పుతది.
మొదటి వారం నేను గమనించలే,
రాయి చుట్టు పిండి లేదు.
జొన్నలు పిరమైనయి,
విజిటర్లకు చప్పుడు చాలన్నడు జైపాల్ సార్.
రాయి రాయిని నమిలి
బూడిదరంగు పొడి రాలుతది.
చిన్నపిల్లలు దాన్నే పిండనుకొని
వేలితో అద్దుకొని చూస్తరు.

మంగళవారం సెలవు.
సంతల కిలో తెల్లజొన్నలు కొని తెచ్చి
"ఇయ్యాల నిజంగ ఇసురత్తా" అన్న.
దోసిట్ల గింజలు శానాసేపు చూసి
"నాకు రాదు బిడ్డా" అన్నది.

రాదు.
పోయినేడు ట్రైనింగుల నేర్పిండ్రట,
పట్నం నుంచొచ్చిన మేడం, మూడు రోజులు.
తిప్పుడు నేర్పింది,
గింజ ఎంత పొయ్యాల్నో నేర్పలే.

"మరి నీ చిన్నప్పుడు?"
"చిన్నప్పుడు ఇంట్ల ఉంటె గద."
మేస్త్రీ అడ్వాన్సు ఇస్తే ఇంటిల్లిపాది లారెక్కుడు.
ఆరో ఏట ఒక కట్ట, తొమ్మిదో ఏట ఇంకో కట్ట.
ఆ నది పేరు నోటికి అలవాటయ్యేలోపు
నదికి గోడ లేసేది, మల్ల లారొచ్చేది.
తొలిసూరి పిల్ల కంకరకుప్ప నీడల పుట్టింది.
పిండి గిర్నీది. మేస్త్రీ సంచిలకెల్లి కొలిచి ఇచ్చి
కొలిచినదానికంటె ఎక్కువ రాసుకునేటోడు.

"నాకొచ్చింది ఇదొక్కటే" అని లేచి
కొంగు మెలిపెట్టి సుట్టబట్ట చేసి
నెత్తిమీద పెట్టుకొని నడిచింది,
తట్ట లేకుండనే.
అరవై అయిదేండ్ల మెడ కదల్లే.
రెండు చేతులు చెవుల పక్కకెల్లి పైకి లేచి
లేని బరువును పట్టుకున్నయి.
తను పుట్టకముందు కాలాన్ని
ఏడాదిగ నటిస్తున్న మనిషి
ఆ పూట సిమెంటు వాకిట్ల
తన సొంత కాలంల పది అడుగులు ఏసింది.

జైపాల్ సార్‌ను అడిగిన, ఒక తట్ట పెడుదమని.
"ఇది ఊరమ్మా, కట్ట కాదు" అన్నడు.
ఆయన తప్పేం లేదు.
ఇంటికాడ ఉన్నోళ్ల వస్తువులే ఇంట్ల మిగుల్తయి,
పోయినోళ్లయి పోయినకాడనే, నీళ్ల కింద.

జొన్నలు ఇద్దరం కలిసి ఇసిరినం.
ఎక్కువ పోస్తే రాయి పట్టేసింది,
తక్కువ పోస్తే ఒట్టిగ ఉరికింది.
ముతక పిండి. రొట్టె అంచులన్ని పగిలినయి.
పచ్చిమిరపకాయ తొక్కుతోని తిన్నం,
చీర అంచుకంటిన పిండిని
ఆమె దులుపలే.

నలభయ్యో రోజు గడియారం పెట్టుకొని
ఆఖరి చీటీ రాసిన, వస్తువు లేని చీటీ.
ఇసుర్రాయి పక్కన పెడుతుంటె అడిగింది,
"ఏం రాసినవే?"
"తట్ట."
"ఎంత బరువని?"

మా చీటీల మీద పేరుకు జాగా ఉంది,
కాలానికుంది, దొరికిన ఊరికుంది.
పెన్ను మూత తీసి
ఎక్కడ రాయాల్నో ఎతుక్కుంట నిలబడ్డ.