తడి రంగు

శనివారం పొద్దున్నే పదకొండు మందిమి వచ్చాం.
ఊళ్లో ఉన్నదే రెండు వందల నలభై.
మంచు మింగి ఉమ్మేసిన బస్టాపు
ఓ పక్కకి ఒరిగి మాకోసం చూస్తోంది.

తాల్కోత్ అంటాం ఫిన్నులం, ఈ పనిని.
కూలి ఉండదు, పిలుపు ఉంటుంది.
రాకపోతే ఎవరూ అడగరు,
కాకపోతే కొట్లో పాలు ఇస్తూ
ఓ క్షణం ఎక్కువ చూస్తారు.

హిల్కా మేకుల డబ్బా తెచ్చింది,
సగం వంకరవే.
వాటిని రాయి మీద పెట్టి సాపు చేశాడు ఉర్హో.
ముప్పై ఏళ్లుగా అతనితో మాటల్లేని తౌనో
పలక అవతలి కొస పట్టుకున్నాడు.
"కాస్త పైకి" అన్నాడు ఉర్హో.
"ఇంకాస్తా?" అన్నాడు తౌనో.
మేం పని ఆపలేదు గానీ
తలా ఓ చెవి అటు పడేశాం.

ఏ రంగు వెయ్యాలన్న దగ్గర గంట పోయింది.
ఎవరిదో పడవకి వేయగా మిగిలిన పసుపే గెలిచింది,
ఊరికే వచ్చింది కనక.

మధ్యాహ్నం బఠాణీల సూపు, గట్టి రొట్టె.
దోమలు మాకంటే ముందే భోజనానికి కూర్చున్నాయి.

నాలుగూ పదికి బస్సొచ్చింది, రోజుకి ఒక్కటే.
ఎక్కేవాళ్లం కాదు, చెయ్యి కూడా ఎత్తలేదు.
అయినా ఆపాడు డ్రైవరు.
దిగి, చుట్టూ చూసి,
మేం అరిచేలోపే
కొత్త బల్ల మీద కూర్చున్నాడు.

లేచి, వెనక్కి మెడ తిప్పి ప్యాంటు చూసుకుని
ముందు అతను నవ్వాడు. తర్వాత మేం.
ఆ పసుపు చారలతోనే
మిగతా పదిహేడు స్టాపులూ తిరిగాడట.

అతను కూర్చున్న చోట రంగు లేచిపోయింది.
ఉర్హో మళ్లీ పూయబోతే
తౌనో కుంచె లాక్కున్నాడు.