మాఫీ

కారు కిందనే ఆగింది, శీమల్ కొండ మొదట్లో.
ఘాయా ముసలమ్మకు మోకాళ్ళు రావు.
"రడ్డీమా, నువ్వెక్కు. ఏముందో చూసొచ్చి చెప్పు" అంది.
రెడ్డెమ్మ అన్న నా పేరు ఆమె నోట్లో పడితే
ఎప్పుడూ ఒక పన్ను ఊడుతుంది.

మెట్లు కొత్తవి, సర్కారు వేయించింది.
కోట పాతది. ఎవరో రాణిదంట.
చెప్పులో రాయి దూరింది. తీసేసి మళ్ళీ ఎక్కితి.

పైన నడుమెత్తు గోడలు.
ఏ గదిలోంచి ఏ గదిలోకైనా
కాలెత్తి దాటేయొచ్చు.
పన్నెండేళ్ళుగా తలుపు తట్టందే లోపలికి పోనిదాన్ని,
రాజుల పడకటింట్లోకి చెప్పులతో పోతి.
ఎవరూ కసరలేదు.
ఊరికే నిలబడలేక
గోడ మీది ఇసుక కొంగుతో తుడుస్తి.
తుడిచేకొద్దీ గోడే రాలింది.

పైకప్పుతో మిగిలింది నీళ్ళతొట్టి ఒక్కటే.
బోర్లించిన దోనెలాంటి కప్పు, లోపల చీకటి,
అడుగున ఖాళీ మసాఫీ సీసా.
ఆ రాణి కూడా బిందెలు లెక్కపెట్టుకునే బతికిందేమో
మా రాయచోటి ఆడోళ్ళ మాదిరి.
దూరంగా ఖర్జూరపు తోటలు,
సిమెంటు ఫ్యాక్టరీ పొగ,
పొగ వెనకాల ఉందో లేదో అన్నట్టు సముద్రం.

దిగి వస్తి. ఆమె అద్దం దించింది.
నాకొచ్చింది వంటింటి అరబ్బీ:
ఉప్పు, ఉల్లిగడ్డ, కత్తి, తలుపు, నీళ్ళు, బిరాన.
ఆ మాటలతోనే ఆమెకు కోట కట్టాల.

"బాబ్?" అంది. తలుపు.
"మాఫీ."
"మోయ్?" నీళ్ళు.
"మాఫీ."
"మలికా?" అంది.
అది రాణి అని డ్రైవరు చెప్పినాడు.
"మాఫీ, మామా."

మాఫీ అంటే ఇక్కడ లేదు అని.
మా ఊర్లో బాకీ కొట్టేయడం.
వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో
పాలు మాఫీ, బియ్యం మాఫీ అంటుంటే
ఉలిక్కిపడి తలెత్తేదాన్ని,
నా వీసా అప్పు గురించేనేమో అని.

ముసలమ్మ నవ్వింది.
చిన్నప్పుడు మేకల్ని తోలుకుని ఎక్కేదంట.
అప్పుడూ ఏమీ లేదంట.

"లేష్?" అన్నాను. మరి నన్నెందుకు పంపినట్టు?
ఆమె జవాబు చెప్పలేదు.
కారు కొత్తది, లోపలంతా తెల్ల తోలు.
ఎక్కబోతూ చెప్పులు దులపడానికి వంగితే
నా మడమల మీది ఎర్రదుమ్ము వైపే చూస్తూ
"ఖల్లీ" అంది.
ఉండనీ.